సర్వరుపై భారము



హైదరాబాదు నగరమునకు పడమటనున్న మాదాపూరులో 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్సు భవనమును ప్రారంభించిరి. దానిచుట్టు పెరిగినదే నేటి హైటెక్ సిటీ. అచట కొలువు చేయు పిల్లలు పండుగకు వచ్చినపుడు "నీవు చేయు పని యేమిరా?" యని మీరడుగుదురు. వారు నవ్వి యూరకుందురు. నేనును అచట పనిచేయువాడనే గనుక, ఆ పనిలో నొక చిన్న భాగమును మనవి చేసెదను.

మీరు మీసేవ కేంద్రమున పహాణీ నకలు కోరినపుడు అచటి కుర్రవాడు సర్వే నంబరును మీటలు నొక్కి వ్రాయును. ఆ ప్రశ్న తీగలవెంట పోయి, దూరముననున్న సర్వరు అను పెద్ద కంప్యూటరును చేరును. అది దస్త్రమును వెదకి జవాబు పంపును. వేలమంది ఒక్కమారే అడిగినచో దానికి ఊపిరాడదు. "సర్వర్ డౌన్, రేపు రండి" అను మాట మీరెరుగనిది కాదు. ఆ మాటతో ఒకనాటి కూలియు, బస్సు ఛార్జియు పోవును.

ఇంకను పెద్ద యంత్రమును కొనుటయే దీనికి మందని పలువురు తలంతురు. పెక్కుమారులు అది అక్కరలేదు. పూర్వము పట్వారీల కడ, కరణముల కడ దస్త్రములుండెడివి. ఆ పదవులు 1984లో రద్దయినవి. అట్టి దస్త్రమొకదానిలో వరుస లేకుండ పదిలక్షల పంక్తులున్నవనుకొనుడు. మీ పంక్తి దొరకుటకు సగటున ఐదులక్షలు చదువవలెను. అవియే నంబరు వరుసగా నున్నచో, నడుమ తెరచి, అక్కరలేని సగమును విడిచి, మిగిలిన సగమును మరల నడుమ తెరచుచు పోయిన 20 మారులలో మీ పంక్తి చేతికి వచ్చును. యంత్రమునకు ఇట్టి వరుసను కట్టి యిచ్చుటను ఇండెక్స్ అందురు. 1972లో బేయర్, మెక్‌క్రైట్ అనువారు ప్రకటించిన పద్ధతిలో ప్రతి మెట్టుకడను రెండు గాక వందల కొమ్మలుండవచ్చును గనుక, మూడు నాలుగు మెట్లే చాలును. ఇంత మార్పునకు ప్రోగ్రాములో ఒక్క పంక్తి వ్రాసిన సరిపోవును.

ఉప్పునకొకమారు, చింతపండునకొకమారు పాలేరును అంగడికి పంపునట్లు వ్రాసిన ప్రోగ్రాములును కలవు. చీటీ వ్రాసి అన్నియు ఒక్కమారే తెమ్మనుట అచటి మార్గము.

ఒకసారి చెప్పిన జవాబును దాచియుంచి, మరల అడిగినవారికి దానినే యిచ్చుట మరియొక ఉపాయము. బడిగోడకు ఫలితముల కాగితము అంటించినచో హెడ్మాస్టరుగారి గదికి ఎవరును పోరు గదా! కాని ఇందులో ప్రమాదము కలదు. ఒక బస్సు టిక్కెట్ల సంస్థకై పనిచేయునపుడు నేను బస్సు వేళల పట్టికను దినమెల్ల దాచునట్లు వ్రాసితిని. సర్వరు తేలికపడినది, అందరును మెచ్చుకొనిరి. ఒకనాడు ఒక బస్సు వేళను గంట ముందునకు మార్చిరి. మా పుట మాత్రము పాత వేళనే చూపుచుండెను. ముసలితల్లిని ఆసుపత్రికి తీసికొనిపోవలసిన ప్రయాణికుడొకడు బస్సు పోయిన పిదప వచ్చి నిలిచినాడు.

వేళ మారిన తక్షణమే దాచిన పట్టిక చెరిగిపోవునట్లు పిమ్మట సవరించితిని. ఆ సవరణ రెండు పంక్తులు. వ్రాయుటకు పది నిమిషములు పట్టినది; ఎచట వ్రాయవలయునో కనుగొనుటకు రెండు దినములు పట్టినది.