ఒకే సంచిలో రెండు తూకపురాళ్లు



పేదలకు బియ్యం ఇస్తే 'ఉచితాలు' అంటారు. కంపెనీకి చౌకగా భూమి, కరెంటు ఇస్తే 'ప్రోత్సాహకాలు' అంటారు. ఒకే సంచిలో పెద్దదీ చిన్నదీ రెండు తూకపురాళ్లు ఉంచుకోకూడదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం మనకు నేర్పుతుంది. అందుకే ఈ లెక్కను మనం ఒకే రాయితో తూచుదాం.

ముందు పన్నుల సంగతి. "పన్నులు కట్టేది పెద్దవాళ్లు, తినేది మనం" అనే మాటను మనలో చాలామందిమి నమ్మేశాం. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా, ఫోన్ రీఛార్జి చేయించుకున్నా మనం జీఎస్టీ కడుతూనే ఉన్నాం. వీధులు ఊడ్చే అక్కా, కోటీశ్వరుడూ ఒకే సబ్బుకు ఒకే పన్ను కడతారు.

2019 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం, మినహాయింపులు వదులుకునే కంపెనీలకు ఆదాయపు పన్నును 22 శాతానికి తగ్గించింది. పెద్ద కంపెనీలకు అంతకుముందు అది 30 శాతం. కొత్త తయారీ కంపెనీలకైతే 15 శాతమే. దీనివల్ల ఏడాదికి 1,45,000 కోట్ల రూపాయల రాబడి తగ్గుతుందని ప్రభుత్వమే అంచనా వేసింది. 2023-24లో కంపెనీల పన్నుగా నికరంగా వచ్చింది సుమారు 9.11 లక్షల కోట్లు. వ్యక్తుల ఆదాయపు పన్నుగా వచ్చింది 10 లక్షల కోట్లకు పైనే.

ఇక సాయం సంగతి. ఉత్పత్తితో ముడిపడిన ప్రోత్సాహక పథకం (పీఎల్ఐ) కింద 14 రంగాలకు 1.97 లక్షల కోట్లు ప్రకటించారు. ఈ డబ్బు ఎక్కువగా అదనపు అమ్మకాలను బట్టి ఇస్తారు, కార్మికుల జీతాలను బట్టి కాదు. గుజరాత్‌లోని సానంద్‌లో మైక్రాన్ కంపెనీ చిప్‌ల కర్మాగారం ఖర్చులో కేంద్రం 50 శాతం, రాష్ట్రం 20 శాతం భరిస్తున్నాయి.

ఇది కొత్తేమీ కాదు. మన తెలుగు, తమిళ కూలీలు చెమటోడ్చిన కోలారు బంగారు గనులను అప్పట్లో నడిపింది ఇంగ్లండుకు చెందిన జాన్ టేలర్ కంపెనీ. 1902లో మైసూరు ప్రభుత్వం శివనసముద్రంలో విద్యుత్ కేంద్రం కట్టి, మొదట ఆ గనులకే కరెంటు పంపింది. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. మైసూరుకు రాయల్టీ వచ్చింది, లాభం సముద్రం దాటింది. తర్వాత గనులు ప్రభుత్వపరమయ్యాయి, 2001లో మూతపడ్డాయి. సైనైడు మట్టిగుట్టల దుమ్ము మాత్రం కార్మికుల బిడ్డలకు మిగిలింది.

పరిశ్రమలు వద్దని మనం అనడం లేదు. మన పిల్లలకు పని కావాలి. ప్రభుత్వం చేయి అందించడమూ తప్పు కాదు. అయితే ప్రజల సొమ్ము తీసుకున్నవారు ప్రజలకు లెక్క చెప్పాలి. ఎన్ని ఉద్యోగాలు ఇచ్చారు? అందులో కాంట్రాక్టువి ఎన్ని? పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా? స్థానికులకూ దళితులకూ చోటు దొరికిందా? మాట తప్పితే ఇచ్చిన సాయం వెనక్కి తీసుకుంటారా? కూలివాని కూలి బిగబట్టిన ధనవంతులను యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఎంత గట్టిగా నిలదీసిందో మనకు తెలుసు.

యౌవనస్థులారా, ఈ ప్రశ్నలు అడగడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. ఆ ప్రాంతపు అధికార భాషలోనే అర్జీ పెట్టవచ్చు. మనం ఇంట్లో తెలుగు మాట్లాడినా, బడిలో కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ చదువుకున్నాం. ఆ చదువు ఇక్కడ పనికొస్తుంది. మీ ఊరి పారిశ్రామికవాడలో ఒక్క కంపెనీని ఎంచుకోండి. దానికి ప్రభుత్వం ఏమిచ్చిందో, అది ఎంతమందికి పని ఇచ్చిందో అడగండి. వచ్చిన జవాబును యువజన కూటంలో అందరి ముందు చదవండి.

సరైన తూకం పట్టే ధైర్యాన్ని దేవుడు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.