కోట మీద జెండా, ముద్రలో తోరణం

టోలిచౌకి నుంచి ఏడు గుంబజుల దారి పడితే గోల్కొండ కోట కొద్ది దూరమే. 2014 ఆగస్టు 15న తెలంగాణ తొలి ప్రభుత్వం స్వాతంత్ర్య దిన వేడుకను ఆ కోటలో జరిపింది. కొత్త రాష్ట్రానికి పాత వేళ్లున్నాయని అలా చాటుకుంది.

రాష్ట్ర చిహ్నాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. మధ్యలో ఓరుగల్లు కాకతీయ తోరణం, దాని లోపల 1591 నాటి చార్మినార్. ఒకటి శివాలయం ముందు నిలిచిన రాతి ద్వారం, మరొకటి కుతుబ్‌షాహీల కట్టడం. రెండూ ఒకే ముద్రలో ఒదిగాయి. చెరువుల పునరుద్ధరణ పథకానికీ ‘మిషన్ కాకతీయ’ అనే పేరు పెట్టారు. కాకతీయ రాణి కథతో 2015లో విడుదలైన ‘రుద్రమదేవి’ సినిమాకు వినోదపు పన్ను మినహాయించారు. 2024లో చిహ్నం మార్చాలన్న ప్రతిపాదన రాగానే దుమారం లేచింది, ఆవిష్కరణ వాయిదా పడింది.

తెలంగాణ రాష్ట్రం రావడానికి ఎంతో ముందే, ఆంధ్రోద్యమ కాలపు రచయితలు ఇదే కాకతీయులను ఆంధ్ర ప్రభువులుగా కీర్తించారు. ఒకే వంశాన్ని అప్పటివారూ, ఇప్పటివారూ తమ అవసరం కొద్దీ తలచుకున్నారు. అందుకే తోరణాన్ని చూసి గర్వపడదాం. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు కట్టారో కూడా మన పిల్లలకు చెబుదాం. గర్వానికి చరిత్ర తోడైతేనే అది నిలుస్తుంది.