బిడ్డ కూడా అమానతే

 



అమానత్ అనగానే ఇతరులు మన వద్ద దాచుకున్న సొమ్ము గుర్తుకు వస్తుంది. సంతానం కూడా అమానతే. ఆ అమానత్ విషయంలో మేము చేసిన ఒక పొరపాటును నేడు మీ ముందుంచుతున్నాము. మరో తండ్రి అదే పొరపాటు చేయకూడదన్నదే మా ఆకాంక్ష.

మా కుమారుడు పదిహేనేళ్లవాడు. పదో తరగతి చదువుతుండగా అతనికి రక్త క్యాన్సర్ అని తేలింది. కోనసీమలోని మా ఊరి నుంచి ఎదుర్లంక వారధి దాటి, యానాం మీదుగా కాకినాడలోని ఒక ఆస్పత్రికి తీసుకువెళ్లాము. ఆ రకం వ్యాధిలో చెడు కణాలు మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలో దాగే ప్రమాదం ఉంది. నరం ద్వారా ఎక్కించే మందులు అక్కడికి తగినంత చేరవు. అందుచేత నడుము వద్ద వెన్నులోకి సూది దించి, కొంత నీరు పరీక్షకు తీసి, ఆ సూది ద్వారానే మందు వేస్తారు. చికిత్సా కాలంలో ఇది అనేక పర్యాయాలు జరగవలసి ఉంటుంది.

“అబ్బాజాన్, నొప్పి పుడుతుందా?” అని మొదటిసారి అతను అడిగాడు. “చీమ కుట్టినట్లు కూడా ఉండదు” అన్నాము. ధైర్యం చెబుతున్నామనే అనుకున్నాము. సూది తగలగానే అతను ఉలిక్కిపడి లేవబోయాడు. ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. ఆ తరువాత గోడవైపు తిరిగి పడుకుని, సాయంత్రం దాకా మాతో మాట్లాడలేదు. చివరకు ఇలా అన్నాడు: “నొప్పి ఓర్చుకుంటాను. కానీ మీరు అబద్ధం చెప్పారు. రేపు నాకు తగ్గుతుందని మీరు చెబితే ఎలా నమ్మాలి?”

మా వద్ద జవాబు లేకపోయింది.

సోదరులారా! అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక సంఘటన ఉంది. ఒక తల్లి తన పిల్లవాణ్ణి ఏదో ఇస్తానని చెప్పి పిలిచింది. ఏమివ్వదలచావని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆమెను అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోతే అది ఆమె పేరిట అబద్ధంగా నమోదయ్యేదని వారు హెచ్చరించారు. ఒక ఖర్జూరం విషయంలోనే ఇంతటి హెచ్చరిక ఉంటే, బిడ్డ శరీరానికి సంబంధించిన మాటలో మనమెంత జాగ్రత్తగా ఉండాలి!

హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) గాథను కూడా స్మరించండి. అది దైవాజ్ఞ; కుమారుణ్ణి అడగవలసిన అవసరమే లేదు. అయినా ఆయన తన స్వప్నాన్ని దాచలేదు. ఉన్నదున్నట్లు చెప్పి, కుమారుని అభిప్రాయం అడిగారు. నిజం తెలిసిన ఆ బాలుడు పారిపోలేదు, తండ్రికి తోడుగా నిలిచాడు.

రెండోసారి మేము కుమారుణ్ణి వెంటబెట్టుకుని ముందుగానే డాక్టరుగారిని కలిశాము. ప్రశ్నలు అతనే కాగితంపై రాసుకున్నాడు. మొదటి ప్రశ్న, “కాళ్లు పడిపోతాయా?” ఈ భయం మన ఊళ్లలో ఎందరికో ఉంది. మెదడు పొరల వాపు జ్వరం అనుమానం ఉన్నప్పుడు కూడా ఈ భయంతోనే పరీక్ష వద్దనే తల్లిదండ్రులు ఉన్నారు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుందని, సూది అంతకంటే కింద, నీరు ఉన్న చోట దించుతారని డాక్టరుగారు బొమ్మ గీసి చూపారు. ముందు మత్తు సూది మండుతుంది. ఆపై నొక్కుతున్నట్లు ఉంటుంది. మోకాళ్లు పొట్టకు ముడుచుకుని కదలకుండా ఉండాలి. తరువాత కొందరికి తలనొప్పి రావచ్చు. ఇవన్నీ దాచకుండా చెప్పారు.

“అమ్మీ తలవైపు ఉండాలి. మీరు చేయి పట్టుకోండి, కబుర్లు మాత్రం చెప్పకండి” అని మా కుమారుడు షరతు పెట్టాడు. అలాగే చేశాము. నొప్పి పోలేదు. అతను కన్నీరు పెట్టుకున్నాడు. కానీ కదలలేదు, ఎవరూ పట్టుకోవలసిన పనీ రాలేదు.

పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డ తరఫున సంతకం మనం చేస్తాము. కానీ సూదిని భరించేది వారి శరీరం. కనుక నిజం చెప్పండి, వారి మాట వినండి. “మగపిల్లవాడివి, ఏడవకు” అనకండి. తన పసికుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కన్నీరు పెట్టారు. కన్నీరు సహనానికి విరుద్ధం కాదు.

రోగి ఇంటికి వెళ్లినప్పుడు ఏ పాపఫలమోనని చర్చించకండి. రక్తం అవసరమేమో అడగండి. గల్ఫ్‌లో ఉన్న తండ్రి రాలేకపోతే, ఆ తల్లితో పాటు మన ఇళ్ల ఆడవారిని ఆస్పత్రికి పంపండి.

మా కుమారుని చికిత్స ఇంకా సాగుతోంది. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్. బిడ్డతో సత్యం పలకడం మన బాధ్యత.

ఓ అల్లాహ్! వ్యాధితో బాధపడే బిడ్డలందరికీ సంపూర్ణ స్వస్థత ప్రసాదించు. వారి పడక వద్ద మేలుకుని ఉన్న తల్లిదండ్రులకు సహనాన్ని, సత్యం పలికే ధైర్యాన్ని అనుగ్రహించు. ఆమీన్.