నాటక ప్రదర్శనములందు మైకు నిర్వహణము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా మనచేత పుస్తకములు చదివించిన యీ గ్రంథాలయమే యేటేట ఈ ఆవరణమున నాటకము కూడ ఆడించుచున్నది. నాటకము ముగిసిన పిదప జనులు కవిని పొగడుదురు, నటుని పొగడుదురు. మైకు చూచువానిని ఎవరును తలంపరు. అది కూత పెట్టినపుడు మాత్రము అందరును తలంతురు. ఆ పని కొన్నేండ్లు చేసి మాటలు పడినవాడను గనుక, నాకు అనుభవమున తెలిసినది విన్నవించెదను.

శబ్దమును గూర్చిన చింత క్రొత్తది కాదు. భరతముని నాట్యశాస్త్రమున, మనుష్యులకు తగిన నాట్యగృహమునకు 64 హస్తముల నిడివి, 32 హస్తముల వెడల్పు విధించినాడు. మూరను అడుగున్నరగా లెక్కించినచో 96 అడుగులు, 48 అడుగులు. అంతకు మించినచో పలికిన మాట చెదరిపోవునని, ముఖభావములు కానరావని కారణమును గూడ చెప్పినాడు. గాలి కొట్టని కొండగుహవలె రంగశాల యుండవలెనన్నాడు. మనది ఆరుబయలు. గుహ లేదు, గోడ లేదు, గాలి మాత్రము కావలసినంత కలదు. కనుకనే మైకు.

ఒక యేడు మనవారు సత్య హరిశ్చంద్ర ఆడిరి. కాటిసీను వచ్చినది. చంద్రమతి లోహితుని శవమును ఒడిలో నుంచుకొని, తల వంచి, నేలపై కూర్చుండి పద్యము ఎత్తుకొన్నది. మైకు ఆమె నెత్తికి పై యెత్తున వ్రేలాడుచుండెను. మాట అందలేదని నేను శబ్దము పెంచితిని. పెట్టె ఈల వేసినది. తగ్గించితిని, పద్యము మునిగిపోయినది. హార్మోనియమునకు వేరే మైకు ఉండుటచే అది మాత్రము ఊరంతయు మ్రోగినది. మరునాడు మా మేనత్త నన్ను పిలిచి, "ఒరే అబ్బాయీ, హార్మణీ బ్రహ్మాండంగా పాడిందిరా. చంద్రమతి ఎప్పుడు ఏడ్చిందో మాకు తెలియనే లేదు" అన్నది. ఆమె సాయంకాలమే చాప పరచుకొని చివరి వరుసలో కూర్చున్న మనిషి. చూపు మందగించినందున నాటకమంతయు ఆమెకు చెవులలోనే యున్నది. ఆ రాత్రి దానిని నేనే పోగొట్టితిని.

ఆ యీల యేల వచ్చినదో తరువాత తెలిసికొంటిని. స్పీకరునుండి వచ్చిన ధ్వని తిరిగి మైకులో దూరును. అది మరల పెరిగి స్పీకరున వచ్చును. ఈ చుట్టు తిరుగుడే కూత. కావున స్పీకర్లు ఎల్లప్పుడును మైకులకు ముందువైపున, ప్రేక్షకుల దిక్కునకు తిరిగి యుండవలెను. మైకు వెనుక వానిని పెట్టుట చేజేతుల కూతను పిలుచుటయే. రెండవది దూరము. నోటికి 2 అడుగులలో నున్న మైకునకు చేరు శక్తిలో, 8 అడుగుల దూరమున పదునారవ వంతే చేరును. దానిని పెట్టెతో పూరింప జూచుటయే నా తప్పు. మరుసటి యేడు రంగస్థలపు అంచున మడత పెట్టిన గోనెపట్టాపై ఒక మైకు ఉంచితిమి. గోనె అడుగుల చప్పుడును మ్రింగినది, కూర్చున్న పాత్రల మాట అందినది. పాత్ర లేని చోటి మైకును మూసివేసితిమి. తెరచిన మైకు ఎక్కువైనకొలది కూత దగ్గరపడును. హార్మోనియపు మైకు తీసివేసితిమి. వాయించువారు కొంచెము చిన్నబుచ్చుకొన్నమాట నిజము. కాని దానికి స్వతహాగా గొంతు చాలును.

నటులకు ఒక మాట. మైకు శబ్దమును పెంచును గాని స్పష్టతను పెంచదు. వాక్యాంతమున మాటను మ్రింగువాని మ్రింగుడు కూడ పెద్దదిగానే వినబడును.

ఇక గొప్పకొరకు బజారు చెట్టునకు బాకా కట్టు అలవాటు. ధ్వని సెకనునకు సుమారు 1,130 అడుగులు పోవును. 350 అడుగుల దూరమున కట్టిన బాకాకు తీగమీదుగా మాట తత్క్షణమే చేరును. రంగస్థలము కడనున్న స్పీకరు మాట గాలిలో నడచి, సెకనులో మూడవ వంతుకు కొంచెము తక్కువ ఆలస్యముగా వచ్చును. అక్కడి వారికి ప్రతి మాటయు రెండు మాటలు. పద్యమైనచో చెప్పనే అక్కరలేదు.

రాత్రి నేల చల్లబడి పైగాలి వెచ్చగా నున్నపుడు ధ్వని క్రిందికి వంగి చాల దూరము పోవును. ప్రొద్దున పొలమునకు పోవలసినవారు, జబ్బుమనుషులు, పరీక్షల పిల్లలు ఆ దూరమున నున్నారు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము లౌడుస్పీకరునకు వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగముగా దానిని వాడరాదు. పండుగలకు, సాంస్కృతికోత్సవములకు ఏడాదిలో 15 దినములకు మించకుండ అర్ధరాత్రివరకు రాష్ట్ర ప్రభుత్వము సడలింపు ఈయవచ్చును. తెల్లవార్లు ఆడు పద్ధతికి ఇది సరిపడదని కొందరి బాధ. నాకును ఆ రాత్రులపై ప్రేమ కలదు. ఐనను, ఆరున్నరకు తెర తీయుట మన చేతిలోని పని.

ఏ సీనున ఏ మైకు తెరవవలెనో, ఏ పాత్ర ఎక్కడ కూర్చుండునో, మీట ఏ గీతవద్ద నుంచితిమో నాటకమునకు ఒక నోటుపుస్తకముగా వ్రాసితిమి. అవి గ్రంథాలయపు రెండవ బీరువాలో, నాటకముల అరలో నున్నవి. ఈ యేడు మైకువద్ద కూర్చుండబోవు కుర్రవారు అడిగి తీసికొనవచ్చును.