నీళ్ళు వద్దన్న రైతు

మాస్టారి పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. ఆయన చదువు, చేసిన ఉద్యోగాలు ఆహ్వానపత్రికలో ఉన్నాయి. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఎమ్మే రోజుల్లో నా గొడుగు అడిగి తీసుకెళ్ళి, ఊచ విరిగాక తెచ్చిచ్చి, "అది ముందే విరిగుందిలే" అన్నారు. తప్పు ఎవరిదన్న వాదం మా మధ్య ముప్ఫై ఏళ్ళు నడిచింది. ఈనాటి వాదమూ ఆయనతో మొదలైనదే.

పౌరసంబంధాల శాస్త్రం పుట్టుక, 1906 నాటి ఐవీ లీ ప్రకటన, 1984లో గ్రూనిగ్, హంట్ చెప్పిన నాలుగు నమూనాలు విద్యార్థులకు కంఠతా వచ్చు. ఇక దొరల చాటింపు ఎలా ఉంటుందో ఈ సీమవారికి నేను చెప్పాలా? 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసి, తలను కోయిలకుంట్ల కోటలో ఏళ్ళ తరబడి వేలాడదీశారు. అదీ ప్రజలకు కబురే. ముందుకు పోదాం.

నా పేచీ కేసీ కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ గురించి. తొలిరోజుల్లో మన రైతులు ఆ నీళ్ళు ఎందుకు తీసుకోలేదు? "నచ్చజెప్పే నాథుడు లేక" అనేవారు మాస్టారు. ఆనాటి అధికారుల కాగితాల్లో ఇదే ఇంకాస్త కటువుగా ఉంటుంది: రైతు మొండివాడు, పాత అలవాటు వదలడు. 1962లో ఎవరెట్ రోజర్స్ ఆ మొండివాడికి శాస్త్రంలో పీట వేసి, కొత్త పద్ధతిని అందుకునేవాళ్ళలో చివరి 16 శాతాన్ని వెనకబడ్డవాళ్ళన్నాడు. 1976కల్లా, పైనుంచి నచ్చజెప్పే ఆ పాత అభివృద్ధి నమూనాకు కాలం చెల్లిందని ఆయనే రాశాడు. మన పాఠ్యపుస్తకాలకు ఆ సంగతి ఇంకా చేరినట్టు లేదు.

ఆ కాలువ తవ్వించిన కంపెనీ 1858లో లండన్‌లో పుట్టింది. పది లక్షల పౌన్ల పెట్టుబడికి అయిదు శాతం రాబడి ఇప్పిస్తానని సర్కారు పూచీపడింది. నంద్యాల రైతు తూము ఎత్తినా ఎత్తకపోయినా లండన్ వాటాదారుకు వడ్డీ అందుతుంది. ఇక రైతును అడిగే అవసరం ఎవరికుంది? పౌరసంబంధాల్లో పడమటి వాటాదారు పైమెట్టున, పేదదేశపు మనిషి అట్టడుగున ఉంటారని దేబాశిష్ మున్షీ, ప్రియా కురియన్ 2005లో రాశారు. కొత్త మాటే, కానీ ఆ మెట్లు మన కాలువ మొదట్లోని సుంకేసుల ఆనకట్టంత పాతవి.

రైతు మౌనంగా లేడు. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది, జొన్న, ప్రత్తి ఆ తేమతోనే పండుతాయి. అక్కడ నీళ్ళు నిలబెడితే వేరు కుళ్ళుతుంది. తరి సేద్యమంటే మడులు కట్టాలి, ఎరువు తోలాలి, ఎడ్లూ కూలీలూ పెరగాలి, పైన తీరువ. ఇంత లెక్క వేసి అతను వద్దన్నాడు. వద్దనడం జవాబు కాదా? తలూపితే తెలివి, తల అడ్డంగా ఆడిస్తే అజ్ఞానమా?

"1876–78 కరువులో అదే నీటికి ఎగబడ్డారుగా?" అనేవారు మాస్టారు, గెలిచినట్టు నవ్వుతూ. ఎగబడ్డారు. అప్పుడు నచ్చజెప్పింది ఏ ప్రచారకుడు? వాన ఎగ్గొట్టింది, రైతు లెక్క మార్చుకున్నాడు. నష్టాల కాలువను 1882లో సర్కారు కొనుక్కుంది. కంపెనీ లెక్క తప్పిందని ఒప్పుకోవడం కంటే రైతుకు బుద్ధి లేదనడం సులువు. గొడుగు ముందే విరిగి ఉందనడం లాంటిదే.

ఇవాళ ఆయకట్టు నిండా వరి ఉంది కదా అంటారు. ఇవాళ్టి వంగడాలు, రోడ్లు, బియ్యం కొనే బజారు వేరు. మనవడు వరి వేశాడని తాతను మూర్ఖుడనలేం.

అసలు కష్టం, తాత మాట మనకు సర్కారు కాగితంలోనే దొరకడం. అందుకే రెండేళ్ళుగా నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా ఊళ్ళు తిరుగుతున్నాను. జమాబందీలో ఇచ్చిన అర్జీల నకళ్ళు, తీరువ రశీదులు, కరణాల ఇళ్ళలో మిగిలిన దస్త్రాలు, లస్కర్లతో తగాదాల్లో పుట్టిన మాటలు పోగేస్తున్నాను. పిల్లకాలువ చివరి పొలంవాళ్ళ నోట ఉన్నన్ని మాటలు తూము పక్కవాళ్ళ దగ్గర దొరకలేదు.

మీ అటకమీద అలాంటి కాగితం ఉంటే, చెదలు కొట్టినదైనా సరే, కబురు చేయండి. మీ అరుగు మీదే ఫోటో తీసుకుని, మీ ఎదుటే తిరిగి ఇచ్చేస్తాను. ఇంటికి మాత్రం తీసుకెళ్ళను.