పదవ తరగతిలో ఆన్ ఫ్రాంక్



మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘములలో హైస్కూలు బిడ్డలున్న తలిదండ్రులతోను, సండేస్కూలు టీచర్లతోను ఒక మాట. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పదవ తరగతి ఇంగ్లీషు వాచకములో ఆన్ ఫ్రాంక్ డైరీ నుండి ఒక భాగమున్నది. క్లాసులో ఊరక మాట్లాడుచున్నదని లెక్కల మాస్టారు శిక్షగా వ్యాసములు వ్రాయించుట, ఆ పిల్ల కొంటెగా వ్రాసి ఆయననే మెప్పించుట అందులో కనబడును. పిల్లలు నవ్వుదురు. నవ్వనిండు. పిమ్మట జరిగినది కూడ చెప్పవలెను. 1942 జూలై నుండి ఆమ్‌స్టర్‌డామ్‌లో దాగియుండి, 1944 ఆగస్టు 4న పట్టుబడి, 1945లో బెర్గెన్-బెల్సెన్ శిబిరములో పదునైదేండ్లకే చనిపోయెను. మన బిడ్డల యీడే గదా! హతులైన యూదులు అరువది లక్షలని చెప్పిన లెక్క పరీక్షకు పనికివచ్చును. మనస్సులో నిలుచునది ఈ వాగుడుకాయయే.

చంపినవారిలో అనేకులు బాప్తిస్మము పొందినవారేనన్న సంగతి దాచవద్దు. యూదుల సమాజమందిరములను తగులబెట్టవలెనని 1543లో వ్రాసినవాడు మన మార్టిన్ లూథరే. నాజీలు దానిని వాడుకొనిరి. వారిని ఎదిరించిన బోన్‌హాఫర్ పాస్టరు 1945 ఏప్రిల్ 9న ఉరితీయబడెను. ఇద్దరిని గూర్చియు చెప్పుడి.

శుభ శుక్రవారమున “యూదులు ప్రభువును చంపిరి” అను మాట ప్రసంగములలో తేలికగా దొర్లుచుండును. ఈ పాఠము చదివిన పిల్ల ఎదుటనే కూర్చుండును. “అయ్యగారూ, యేసుప్రభువు కూడ యూదుడే గదా?” అని అడిగినచో, తరువాత చూతమని పంపివేయకుడి.