ఎడారిశిల నేర్పిన ఉద్యానవిద్య

(సంఘ సమావేశమున గావింపబడిన ఉపన్యాసపాఠము)



బదిలీలకు లోబడి జీవించు ఉద్యోగికి తోటపని ఒక విచిత్రమైన వ్యాపకము. ఒకరు నాటిన మొక్క మఱియొకరికి నీడ నిచ్చును. ఒక కుటుంబము క్వార్టరు విడిచిన పిదప మఱియొక కుటుంబము వచ్చులోపల నెల గడువవచ్చును, రెండు నెలలు గడువవచ్చును. అది ఉత్తరదేశపు మే మాసమైనచో పచ్చిక మాడిపోవును. కుండీలలోని మొక్కలు తలలు వాల్చును. నీరు పోయు చేయి లేని ఆ రెండు నెలలును బ్రతుకగలిగినదే గట్టి తోట. అట్టి తోటను నిర్మించుట ఎట్లు? ఈ ప్రశ్నకు జోధ్‌పురమునందలి ఒక రాతినేల చక్కని సమాధాన మిచ్చినది.

మెహ్రాన్‌గఢ్ కోట పాదమున సుమారు 70 హెక్టారుల శిలాభూమి కలదు. అతిప్రాచీన కాలమున అగ్నిపర్వతములు క్రక్కిన శిల యది. మట్టి స్వల్పము. వాన యేటికి సుమారు 36 సెంటీమీటర్లు. అందును అధికభాగము వర్షర్తువునందే. 2006 నాటికి ఆ నేలను చాలవఱకు ఒకే చెట్టు ఆక్రమించి యుండెను. ఉత్తరదేశీయులు దానిని విలాయతీ కీకర్ అందురు. తెలుగువారికి అది చిరపరిచితమైన సర్కారు తుమ్మ.

దీని పుట్టినిల్లు అమెరికా ఖండము. 1877 ప్రాంతమున మదరాసు అటవీశాఖవారు విత్తనములు తెప్పించి కడపజిల్లా కమలాపురపు మెట్టనేలలలో నాటించిరి. జోధ్‌పుర సంస్థానము 1940లో దీనిని రాజవృక్షముగా ప్రకటించెను. వంటచెఱకు లభించును, బీడు పచ్చబడును అని పాలకుల ఆశ. వంటచెఱకు లభించినమాట నిజమే. పేదల పొయ్యిలు దానితో మండినవి. కాని యది తన పొరుగున ఇతరమైన మొక్కలను ఎదుగనీయదు. నఱికినకొలది మొదలునుండి మరల చిగుర్చును. మంచి తలపుతో తెచ్చినదైనను, స్థలము నెఱుగక నాటిన చెట్టు ఎంత భారమగునో దీనివలన తెలియుచున్నది.

వృక్షపరిశీలకులగు ప్రదీప్ కృషన్ గారు 2006లో ఈ నేలను ఉద్ధరించు పనికి పూనుకొనిరి. గొడ్డలి చాలలేదు. రాతిగనులలో పనిచేయు ఖండ్వాలియా పనివారు ఉలి, సుత్తి పట్టి, మూరలోతు వఱకు శిలను తొలిచి వేరును పెకలించిరి. పండితులకు కొఱుకుడుపడని పని రాతి స్వభావ మెఱిగిన శ్రామికుల చేతిలో నెఱవేరెను. వేరు పోయిన చోట మిగిలిన గుంతయే క్రొత్త మొక్కకు పాదైనది. 2011లో అది రావ్ జోధా ఎడారి శిలా ఉద్యానమను పేర ప్రజలకు తెఱువబడినది.

అచ్చట నాటిన మొక్కల ఎంపికలోనే అసలు పాఠ మున్నది. థార్ ఎడారిలో ఇసుకతిన్నెలపై పెరుగునవి వేఱు, రాతిపై పెరుగునవి వేఱు. ఆ ప్రాంతమున రాతిపై సహజముగా జీవించు వానినే వెదకి తెచ్చిరి. కాబట్టి దేశీయమనగా దేశములో ఎచ్చటనో పుట్టినది కాదు. ఆ మట్టికి, ఆ వానకు, ఆ ఎండకు అలవాటుపడినది. థోర్ అను జెముడుజాతి మొక్క నీటిని కాండమున దాచుకొని, వానకాలమున మాత్రమే ఆకు తొడుగును. కరీరము ఏడాదిలో అధికకాలము ఆకులే లేక పచ్చని కొమ్మలతో జీవించును. వేసవిలో ఎండినట్లు కనబడినంతమాత్రమున మొక్క చచ్చినదని పెకలించువాడు తోటమాలి కాజాలడు.

ఎడారివాసులు ఖేజ్డీ యని పూజించు చెట్టు తెలుగువారి జమ్మియే. దసరానాడు తెలుగువారు ప్రదక్షిణము చేయునది, పాండవులు ఆయుధములు దాచినదని చెప్పుకొనునది ఇదే. లోతైన వేళ్ళతో అడుగునీటి నందుకొని, నడివేసవిలోనే క్రొత్త ఆకు తొడుగును. దాని నీడలో పైరు పండును. జోధ్‌పుర సమీపమున ఖేజడ్లీ గ్రామమున 1730లో ఈ చెట్లను కాపాడుటకై అమృతాదేవితో కూడ 363 మంది బిష్ణోయీలు ప్రాణము లర్పించిరి. నేడు రాజస్థానమునకును తెలంగాణమునకును ఇదియే రాష్ట్రవృక్షము.

ఇక గృహిణులకును బాలబాలికలకును చేయదగిన పని యేమి? తోటను దాహమునుబట్టి విభజింపవలెను. కరివేపాకు, తులసి, ఆకుకూరలు కుళాయి దగ్గఱ నుండవలెను. బియ్యము, కూరలు కడిగిన నీరు వానికి చాలును. సబ్బునీరు మాత్రము పోయరాదు. పచ్చికను పిల్లలు ఆడుకొనునంత మేరకు తగ్గింపవచ్చును. ఢిల్లీవంటి చోట గోడవెంట అడ్డసరము నాటిన ఏడాదిపొడుగున పచ్చగా నుండును, మేకలు ముట్టవు, దగ్గుకు మందగును. కాలనీ ఉద్యానమున స్థలము చాలినచో వేప, మోదుగ, జమ్మి నాటవచ్చును.

నాటుటకు తొలకరియే అదను. మొక్కచుట్టు పళ్ళెమువంటి పాదు తీసి, రాలిన ఆకులను కాల్చక అందే పఱువవలెను. నేల తడి నిలుచును. దినదినము చిలకరించిన వేళ్ళు పైపైననే ఉండిపోవును. నాలుగైదు దినముల కొకసారి నిండుగా పోసిన లోతునకు దిగును. తొలి రెండు వేసవులు ఇట్లు కాపాడి, క్రమముగా నీరు తగ్గింపవలెను. మూడవయేట ఆ మొక్క తన కాళ్ళపై తాను నిలుచును.

బదిలీ ఉత్తరువు సాధారణముగా వచ్చునదియు అప్పుడే. సామానుతో పాటు చెట్టును కట్టుకొనిపోలేము. కాని తరువాత ఆ యింటికి వచ్చువారికి, వారు ఏ భాషవారైనను, నీరడుగని నీడ నొకదానిని విడిచిపోవచ్చును. ప్రతి కుటుంబమును రాబోవు తొలకరిలో అట్టి మొక్క నొకటి నాటుగాక!